చార్లెస్ నాడిన్

చార్లెస్ విక్టర్ నాడిన్ (ఆగష్టు 14, 1815 - మార్చి 19, 1899) ఫ్రాన్సు దేశానికి చెందిన వృక్ష శాస్త్రవేత్త. ఫ్రెంచి ఉచ్చారణలో ఈయన పేరు షార్ల్ నోదాఁ. గుమ్మడి, దోస, బీర వంటి తీగ కూరగాయలలో ఏది దేనితో సంకరమవుతుంది, ఏది కాదు అనే ప్రశ్నకు చేతితో పరాగ సంపర్కం జరిపి సమాధానం వెదికిన తొలితరం శాస్త్రజ్ఞులలో ఈయన ముఖ్యుడు. సంకర మొక్కల రెండవ తరంలో తల్లిదండ్రుల లక్షణాలు మళ్ళీ విడిపోతాయని గ్రెగర్ మెండెల్ కంటే కొద్ది సంవత్సరాల ముందే ప్రకటించాడు. అయితే మొక్కలను లెక్కపెట్టి నిష్పత్తులు కట్టలేదు. అందువలన జన్యుశాస్త్ర చరిత్రలో ఈయన పేరు మెండెల్ పేరు వెనుక నిలిచిపోయింది.

బాల్యము, విద్యాభ్యాసము

నాడిన్ ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో ఓతాఁ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి వ్యాపారం నిలకడగా సాగకపోవడం వలన బాల్యం ఒకచోట స్థిరంగా గడవలేదు. దక్షిణ ఫ్రాన్సులోని మోఁపెలియే విశ్వవిద్యాలయంలో చదివి 1837లో విజ్ఞానశాస్త్ర పట్టా పొందాడు. తరువాత ప్యారిస్ చేరి 1842లో డాక్టరేటు సాధించాడు. బ్రెజిల్ వృక్షసంపదపై పనిచేసిన ఆగుస్త్ ద సేంతిలేర్ అనే శాస్త్రజ్ఞుడు ఈయనను చేరదీసి తన పనిలో భాగస్వామిని చేసుకున్నాడు. ఆ పరిచయం వల్లనే నాడిన్ మెలాస్టొమేసి కుటుంబపు మొక్కలపై పెద్ద గ్రంథం వ్రాయగలిగాడు.

1840లలో కొంతకాలం ప్యారిస్‌లోని షప్తాల్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించాడు. అంతలో తీవ్రమైన నరాల వ్యాధి సోకింది. దాని వలన ముఖంలో ఎడతెగని నొప్పి మిగిలింది, వినికిడి పోయింది. చెవులు వినిపించని వ్యక్తికి ఆ రోజులలో తరగతి గదిలో స్థానం లేదు. అధ్యాపక వృత్తిని వదులుకొని పూర్తిగా మొక్కల వైపు మళ్ళాడు. ఆ నిశ్శబ్దంలోనే తరువాతి అర్ధ శతాబ్దం పనిచేశాడు.

మ్యూజియం తోటలో

1854లో ప్యారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో సహాయక శాస్త్రజ్ఞుడుగా చేరాడు. అక్కడి సాగు విభాగానికి జోసెఫ్ దెకేన్ ఆచార్యుడు. వివిధ దేశాల నుండి వచ్చిన విత్తనాలు ఆ తోటకు చేరేవి. విత్తనాల పొట్లాలపై పేర్లు మాత్రం గందరగోళంగా ఉండేవి. ఒకే మొక్క నాలుగు పేర్లతో రావడం, నాలుగు మొక్కలు ఒకే పేరుతో రావడం మామూలు. అన్నిటికంటే ఎక్కువ గందరగోళం గుమ్మడి, దోస కుటుంబమైన కుకుర్బిటేసిలో ఉండేది.

దీనికి కారణం స్పష్టమే. అప్పటివరకు శాస్త్రజ్ఞులు ఈ మొక్కలను కాయ ఆకారం, రంగు, పరిమాణం చూసి జాతులుగా విడదీసేవారు. ఈ కుటుంబంలో అన్నిటికంటే త్వరగా మారిపోయేవి కాయ లక్షణాలే. మనుషులు వేల సంవత్సరాలుగా కాయ కోసమే ఎంపిక చేస్తూ వచ్చారు గనుక కాయ మారింది, పువ్వు, ఆకు, కాడ అంతగా మారలేదు. తోటమాలుల నమ్మకం దీనికి పూర్తిగా వ్యతిరేకం. తీగజాతి అంతా ఒకదానితో ఒకటి కలిసిపోతుందని, గుమ్మడి పక్కన కర్బూజ వేస్తే కర్బూజ రుచి చెడుతుందని వారు అనుకునేవారు. శాస్త్రజ్ఞులు లేని గోడలు కట్టారు, తోటమాలులు ఉన్న గోడలను చూడలేదు అని చెప్పవచ్చు.

నాడిన్‌కు ముందే ఇదే దేశంలో ఒగుస్తేఁ సజరే అనే వ్యవసాయవేత్త కర్బూజ రకాలను సంకరపరచి 1826లో ఫలితాలు ప్రకటించాడు. సంకర కాయలో తల్లిదండ్రుల లక్షణాలు సగం సగంగా కలిసిపోక, ఒక లక్షణం ఒకరి నుండి, మరొకటి మరొకరి నుండి యథాతథంగా వస్తున్నాయని ఆయన గమనించాడు. నాడిన్ ఆ దారినే మరింత విస్తృతంగా నడిచాడు.

గుమ్మడి ప్రజాతి

ఈ కుటుంబంలో మగపువ్వు, ఆడపువ్వు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు సన్నని కాడ మాత్రమే ఉంటుంది. పుప్పొడి గాలికి ఎగిరిపోయేంత తేలికైనది కాదు, తేనెటీగలే మోయాలి. కనుక విచ్చుకోబోయే ఆడపువ్వును ముందురోజే కట్టివేసి, మరునాడు ఎంచుకున్న మగపువ్వు పుప్పొడిని కీలాగ్రానికి అద్ది, మళ్ళీ మూసివేస్తే ఆ కాయ తండ్రి ఎవరో నిశ్చయంగా తెలుస్తుంది. నాడిన్ సంవత్సరాల తరబడి చేసిన పని ప్రధానంగా ఇదే. ఓపిక తప్ప పెద్ద పరికరాలేవీ అవసరం లేని పని.

1856లో గుమ్మడి ప్రజాతిపై పరిశోధన ఫలితాలను ప్రకటించాడు. ఐరోపా తోటలలో కనిపించే లెక్కలేనన్ని గుమ్మడి రకాలు కుకుర్బిటా మాక్సిమా, కుకుర్బిటా పెపో, కుకుర్బిటా మోస్కాటా అనే మూడు జాతులకు చెందినవేనని తేల్చాడు. ఒకే జాతిలోని రకాలు, ఒకటి నారింజ పండంత, మరొకటి బండి చక్రమంత ఉన్నా, సులభంగా సంకరమవుతాయి. మూడు జాతుల మధ్య మాత్రం ఆయన ప్రయత్నాలలో సంకరం నిలవలేదు. పెపో జాతిలో అతిపెద్ద కాయ ఘనపరిమాణం అతిచిన్న కాయకు రెండువేల రెట్లకు మించి ఉంటుందని ఈయన పరిశీలనల ఆధారంగా చార్లెస్ డార్విన్ తరువాత వ్రాశాడు. కాయను చూసి జాతిని నిర్ణయించడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది. నాడిన్ కాయకు బదులు కాయ తొడిమ, ఆకు, పూల నిర్మాణాన్ని ఆధారం చేసుకున్నాడు. తొడిమ గట్టిగా, కోణాలుగా ఉందా, గుండ్రంగా మెత్తగా ఉందా, కాయను తాకేచోట వెడల్పుగా పరచుకుందా అన్నది చూసి జాతిని గుర్తించే పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఈ విభజన చాలావరకు నేటికీ నిలిచింది. మాక్సిమా, మోస్కాటా జాతుల మధ్య మనుషుల ప్రయత్నంతో సంకరం సాధ్యమేనని తరువాత తెలిసింది. అంట్లు కట్టడానికి వేరుమొక్కలుగా అటువంటి సంకరాలను వాడుతున్నారు. పెరట్లో తమంత తాముగా ఇవి కలవడం మాత్రం అరుదు.

దోస, కర్బూజ

1859లో దోస ప్రజాతి అయిన కుకుమిస్‌పై నాడిన్ వెలువరించిన రచన తెలుగువారికి మరింత దగ్గరిది. కర్బూజ, దోస వర్గాలను అప్పటివరకు అనేక జాతులుగా లెక్కించేవారు. నాడిన్ వాటిని పెంచి, ఒకదానితో ఒకటి సంకరపరచి, అవి సంతానవంతమైన సంకరాలను ఇస్తున్నాయని చూసి, అన్నిటినీ కుకుమిస్ మెలో అనే ఒకే జాతి కిందకు తెచ్చి పది వర్గాలుగా విభజించాడు. రేగుపండంత కాయ కాచేది, 66 పౌండ్లు (సుమారు 30 కిలోలు) తూగే కాయ కాచేది, పాములా పొడవుగా సాగేది, కీరాను పోలి ఉండేది అన్నీ ఇందులోనివే.

వీటిలో కొన్నిటి కథ ఆంధ్రదేశంతో ముడిపడి ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా వచ్చి 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి మొక్కలను తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. భారతదేశపు దోసలను ఆయన వేరువేరు జాతులుగా వర్ణించి, ఒకదానికి మిక్కిలి ఉపయోగకరమైనది అనే అర్థం వచ్చేలా కుకుమిస్ యుటిలిస్సిమస్ అని, పండగానే నెర్రెలిచ్చి పగిలిపోయే రకానికి కుకుమిస్ మొమోర్డికా అని పేర్లు పెట్టాడు. ఆయన మరణానంతరం 1832లో వెలువడిన ఫ్లోరా ఇండికా మూడవ సంపుటంలో ఇవి ఉన్నాయి. అల్జీరియా నుండి వచ్చిన ఒక కర్బూజ రకం కూడా పండగానే ఇలాగే ఒక్కసారిగా పగిలి ముక్కలవుతుందని నాడిన్ గమనించాడు. రాక్స్‌బర్గ్ పెట్టిన రెండు పేర్లూ తరువాతి వర్గీకరణలో కుకుమిస్ మెలోలో కలిసిపోయాయి. చూపుకు వేరుగా ఉన్నవి పుప్పొడి పరీక్షలో ఒక్కటయ్యాయన్నమాట. రాక్స్‌బర్గ్‌ను ఇందుకు తప్పుపట్టనవసరం లేదు. ఆనాటి శాస్త్రంలో జాతిని నిర్ణయించే పద్ధతే అది.

తెలుగు పెరటి తోటలకు సంబంధం

ఉత్తర తెలంగాణలో మెట్‌పల్లి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ పరిశోధనల ప్రయోజనం బాగా అర్థమవుతుంది. 2016 వరకు కరీంనగర్ జిల్లాలోను, ఆ తరువాత జగిత్యాల జిల్లాలోను ఉన్న ఈ పట్టణం పసుపు మార్కెట్టుకు పేరుపొందినది. పసుపును దుంపతో నాటుతారు, విత్తనంతో కాదు. కాబట్టి పక్క చేనులో ఏ పసుపు ఉన్నా రకం చెడదు. ఇంటి పెరట్లో పందిరి మీదికి పాకించే బీర, సొర, దోస పాదుల సంగతి వేరు. వాటి విత్తనాన్ని ఎండబెట్టి, బూడిద కలిపి మరుసటి సంవత్సరానికి దాచుకునే ఇళ్ళలో పక్క పాదు ఏమిటన్నది ముఖ్యమైన విషయం.

పప్పులో వేసుకునే పసుపుపచ్చని దోస, బుడమకాయ, కర్బూజ మూడూ కుకుమిస్ మెలో జాతివే. ఒకే పెరట్లో పూస్తే తేనెటీగలు వీటిని కలిపివేస్తాయి. కీరా దోస మాత్రం కుకుమిస్ సటైవస్ అనే వేరే జాతి. దాని క్రోమోజోములు 14, కుకుమిస్ మెలో క్రోమోజోములు 24. పేరులో దోస ఉన్నా పందిరిపై పక్కపక్కనే పాకినా కీరా, పప్పుదోస కలవవు. పుచ్చకాయ (తర్బూజ) ప్రజాతే వేరు. దానితో కర్బూజకు గాని, దోసకు గాని సంకరం జరగదు. గుమ్మడి, బూడిద గుమ్మడి పేరులోనే తప్ప ప్రజాతిలో చుట్టాలు కావు. వడియాల కోసం పెంచే బూడిద గుమ్మడి పక్కన తీపి గుమ్మడి వేసినా విత్తనానికి భయం లేదు. పొడవు సొర, గుండ్రటి సొర మాత్రం ఒకే జాతి, అవి తప్పక కలుస్తాయి. మన భాషలోని పేర్లు కాయ వాడుకను బట్టి పుట్టినవి గనుక వాటిని నమ్ముకుని సంకరాన్ని ఊహించలేము.

బీర, నేతిబీర సంగతి ఆసక్తికరమైనది. ఇవి లూఫా ప్రజాతిలో రెండు వేరు జాతులు. చేతితో పరాగ సంపర్కం చేస్తే సంకరం వస్తుంది. కాని బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, నేతిబీర పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. ఒకే పందిరిపై ఉన్నా ఎక్కువ భాగం పువ్వులకు ఒకదాని పుప్పొడి మరొకదానికి తాజాగా అందదు. గోడ ఇక్కడ కాలంతో కట్టినది, అంత గట్టిది కాదు.

ఒక అపోహను ఇక్కడ ప్రస్తావించాలి. పక్కనున్న పాదు వలన ఈ సంవత్సరపు కాయే చేదెక్కిందని, రుచి మారిందని చాలామంది భావిస్తారు. తీగ కూరగాయలలో మనం తినే కండ పూర్తిగా తల్లి మొక్కదే. పుప్పొడి ప్రభావం లోపలి గింజలో ఉండే పిండంపై మాత్రమే ఉంటుంది. ఆ గింజను నాటినప్పుడే, అంటే మరుసటి పంటలోనే, సంకరం బయటపడుతుంది. మొక్కజొన్నలో ఇలా కాదు. అక్కడ మనం తినేది గింజనే గనుక పక్క చేని పుప్పొడి పడితే అదే కంకిలో వేరు రంగు గింజలు కనిపిస్తాయి. మెట్‌పల్లి వైపు పసుపులో అంతరపంటగా మొక్కజొన్న వేసే రైతులకు తెలుపు కంకిలో పసుపుపచ్చ గింజలు కొత్త కాదు. ఆ అనుభవాన్ని దోస పాదుకు అన్వయించడం వల్లనే ఈ అపోహ బలపడి ఉండవచ్చు.

చేదు విషయం రుచికి మాత్రమే సంబంధించినది కాదు. అడవి దోసలలోను, చేదు సొరలోను కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాలు ఉంటాయి. మంచి సొరకు చేదు సొర పుప్పొడి పడి, ఆ విత్తనాన్ని నాటితే వచ్చే పాదు చేదు కాయలు కాయవచ్చు. చేదు సొరకాయ రసం త్రాగి తీవ్ర అస్వస్థతకు గురైనవారు, మరణించినవారు మనదేశంలో ఉన్నారు. నీటి ఎద్దడి వంటి కారణాల వలన కూడా చేదు రావచ్చు. కారణం ఏదైనా, నాలుకకు చేదుగా తగిలిన సొరకాయను వండకూడదు, విత్తనానికి అసలే ఉంచకూడదు.

ధ్రువీకృత విత్తనోత్పత్తిలో ఈ పంటల రకాల మధ్య సుమారు అర కిలోమీటరు దూరం పాటిస్తారు. పెరట్లో అది సాధ్యం కాదు. అక్కడ పనికివచ్చేది నాడిన్ వాడిన పద్ధతే. సాయంత్రం ఆడమొగ్గను, అదే రకం మగమొగ్గను దారంతో కట్టి, మరునాడు విప్పి పుప్పొడి అద్ది, మళ్ళీ కట్టి, ఆ కాయకు గుర్తు పెట్టి పండేవరకు కోయకుండా ఉంచాలి. బీరకు, సొరకు మాత్రం ఈ వేళలు ఒక పూట ముందుకు జరుగుతాయి. మొగ్గను మధ్యాహ్నం కట్టి అదే సాయంత్రం అద్దాలి. ఒక్క కాయ నుండి వచ్చే గింజలు ఒక ఇంటికి సరిపోతాయి. అయితే ఎప్పుడూ ఒకే పాదు నుండి కాక, రెండు మూడు పాదుల నుండి విత్తనం తీసుకోవడం మేలు.

సంకర సంతతిపై పరిశోధన

ప్యారిస్ విజ్ఞాన అకాడమీ సంకర మొక్కల సంతాన సామర్థ్యం, వాటి లక్షణాల స్థిరత్వం గురించి ఒక పోటీ ప్రకటించింది. నాడిన్‌తోపాటు గోద్రోఁ అనే శాస్త్రజ్ఞుడు కూడా వ్యాసం పంపాడు. 1862లో బహుమతి నాడిన్‌కు లభించింది. మరుసటి సంవత్సరమే ఆయన అకాడమీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. పూర్తి వ్యాసం 1865లో మ్యూజియం పత్రికలో అచ్చయింది.

ఈ ప్రయోగాలు ఉమ్మెత్త, పొగాకు, పెటూనియా, చంద్రకాంత, లైనేరియా మొదలైన మొక్కలతోపాటు దోస, బీర, దొండ ప్రజాతులపై జరిగాయి. రెండు జాతులను సంకరపరచినప్పుడు మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయని, ఏది తల్లి ఏది తండ్రి అన్నదానితో తేడా రాదని నాడిన్ గుర్తించాడు. రెండవ తరంలో మాత్రం ఆ ఏకరూపత చెదిరిపోతుంది. కొన్ని తల్లి వైపుకు, కొన్ని తండ్రి వైపుకు తిరిగిపోతాయి, మిగిలినవి రకరకాలుగా ఉంటాయి. పుప్పొడి, అండాలు ఏర్పడేటప్పుడు రెండు జాతుల సారం విడిపోవడమే దీనికి కారణమని ఆయన ప్రతిపాదించాడు. దుకాణంలో కొన్న హైబ్రిడ్ దోస గింజలు ఒక సంవత్సరం చక్కగా కాసి, వాటి నుండి తీసిన విత్తనం మరుసటి సంవత్సరం ఒక్కో పాదుకు ఒక్కో తీరుగా కాయడం ఇదే సూత్రం ప్రకారం జరుగుతుంది.

డార్విన్, మెండెల్

జాతులు స్థిరమైనవి కావని, ప్రకృతి కూడా తోటమాలి వలెనే వాటిని మలచి ఉంటుందని నాడిన్ 1852లోనే ఒక తోటల పత్రికలో వ్రాశాడు. డార్విన్ తన జాతుల ఉత్పత్తి గ్రంథానికి 1861 ముద్రణలో చేర్చిన చారిత్రక పీఠికలో ఈ వ్యాసాన్ని పేర్కొన్నాడు. 1868లో పెంపుడు జంతువులు, సాగు మొక్కలలోని మార్పులపై వ్రాసిన గ్రంథంలో గుమ్మడి, దోసల వివరాలకు ప్రధానంగా నాడిన్‌పైనే ఆధారపడ్డాడు.

మెండెల్ తన బఠాణీ ప్రయోగాల వ్యాసాన్ని 1866లో ప్రచురించాడు. అందులో నాడిన్ పేరు లేదు. ఇద్దరూ చూసినది ఒకే విషయం. అయితే నాడిన్ మొక్కను మొత్తంగా చూశాడు, మెండెల్ ఏడు లక్షణాలను విడదీసి ఒక్కొక్కటిగా లెక్కించాడు. పంట ఎంపికలో కూడా తేడా ఉంది. బఠాణీ స్వపరాగ సంపర్కం జరుపుకునే మొక్క, ఇరుకు స్థలంలో వేలకొద్దీ పెంచవచ్చు. గుమ్మడి పాదు ఒక్కటే ఎంతో చోటు ఆక్రమిస్తుంది, ప్రతి పువ్వునూ తేనెటీగల నుండి కాపాడాలి. నాడిన్ లెక్కలు వేయకపోవడానికి ఇదొక్కటే కారణం కాకపోయినా, ఆయన ఎంచుకున్న మొక్కలు అందుకు అనుకూలమైనవి కావనడం న్యాయం.

చివరి సంవత్సరాలు

1869లో నాడిన్ ప్యారిస్ వదలి స్పెయిన్ సరిహద్దుకు దగ్గరలోని కొలియూర్ అనే సముద్రతీర పట్టణంలో సొంత తోట వేసుకున్నాడు. 1878లో ఆంటీబ్ పట్టణంలోని విల్లా త్యురే అనే ఉద్యానానికి సంచాలకుడుగా నియమితుడై మరణించేవరకు అక్కడే పనిచేశాడు. గుస్తావ్ త్యురే అనే వృక్ష శాస్త్రజ్ఞుడు పెంచిన ఆ తోటను ఆయన కుటుంబం ప్రభుత్వానికి అప్పగించింది. అక్కడ ఆస్ట్రేలియా నుండి తెచ్చిన యూకలిప్టస్ (నీలగిరి) జాతులను పెంచి 1883లోను, 1891లోను రెండు రచనలు ప్రకటించాడు. విదేశీ మొక్కలను కొత్త నేలకు అలవాటు చేసే విధానంపై 1887లో ఫెర్డినాండ్ వాన్ ముల్లర్‌తో కలిసి ఒక కరదీపిక వెలువరించాడు. 1899 మార్చి 19న ఆంటీబ్‌లో మరణించాడు. మరుసటి సంవత్సరం, 1900లో, మెండెల్ వ్యాసం తిరిగి వెలుగులోకి వచ్చింది.

ఈయన పేరుతో మొక్కలు

వృక్షశాస్త్ర నామాల చివర నాడిన్ అని ఉంటే ఆ పేరు పెట్టినది ఈయనేనని అర్థం. ముళ్ళ కాయలతో కివానో అనే పేరున అమ్ముడయ్యే ఆఫ్రికా దోస కుకుమిస్ మెటులిఫెరస్‌ను శాస్త్రీయంగా ప్రకటించినది ఈయనే. బుడమకాయ వంటి చిన్న కాయల రకాలు చేరే కుకుమిస్ మెలో ఉపజాతి అగ్రెస్టిస్ పేరుకు కూడా మూలం నాడిన్ రచనే. దక్షిణ ఆఫ్రికా ఎడారి ప్రాంతాలలో పెరిగే ఒక తీగకు ఈయన గౌరవార్థం అకాంథోసిసియోస్ నాడినియానస్ అని పేరు పెట్టారు. అది కూడా దోస కుటుంబానికి చెందినదే.